తూర ముక్క పీచులా ఎండిపోకుండా పులుసు పెట్టడం ఎలా?

నల్లకుంట వంటిల్లు:

నమస్కారం. మా ఇంట్లో చేప అంటే బొచ్చె, రోహు, చుట్టాలు వచ్చిన రోజున కొరమీను. సముద్రపు చేపల్లో వంజరం, చందువా తప్ప మరేదీ వండిన అలవాటు లేదు. ఈ మధ్య హైదరాబాద్ రామ్‌నగర్ మార్కెట్లో సముద్రపు చేపలు పెట్టే బల్లల మీద తూర, అంటే ఇప్పటి పిల్లలు ట్యూనా అని పిలిచే చేప, తరచుగా కనిపిస్తోంది. వంజరంతో పోలిస్తే ధర బాగా తక్కువ, ముళ్ల బెడద దాదాపుగా లేదు. జిమ్‌కు వెళ్తూ ప్రొటీన్ లెక్కలు వేసుకునే మా అబ్బాయి అదే తెమ్మని పట్టుబడుతున్నాడు.

అయితే ఈ చేప సంగతి తెలిసినవారు ఎవరిని అడిగినా, పులుసులో వేస్తే ముక్క గట్టిపడి పీచులా అవుతుందని, నీచు వాసన వదలదని చెబుతున్నారు. బొచ్చె ముక్కను పులుసులో ఎంతసేపు ఉడకనిస్తే అంత రుచి అని నమ్మే ఇల్లు మాది. మరి తూరకు ఆ పద్ధతి పనికిరాదా? మార్కెట్లో ముక్కను చూసి మంచిదో కాదో ఎలా పోల్చుకోవాలి? మా అబ్బాయి ఫోన్లో వీడియోలు చూసి, లోపల ఎర్రగా ఉండగానే పెనం మీద నుంచి దించితేనే రుచి అంటున్నాడు. ఆ మాట వింటేనే మా అత్తగారు వంటగదిలోంచి బయటికి వెళ్లిపోతున్నారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, దసరాకు మా అమ్మాయి వస్తోంది, తనకు అయిదో నెల. గర్భిణికి ఈ చేప పెట్టవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

భీమిలి తీరం:

నమస్కారమండీ. మాది భీమునిపట్నం దగ్గరి ఊరు, ఉద్యోగరీత్యా ఈసీఐఎల్ వైపు స్థిరపడ్డాము. తూర మా ఇళ్లలో రోజువారీ చేప కాబట్టి తెలిసినంత చెబుతాను.

ముందుగా కొనుగోలు సంగతి, ఎందుకంటే తూర విషయంలో పొయ్యి మీద చెడేదానికంటే బల్ల మీద చెడేదే ఎక్కువ. తూర అనే ఒకే పేరుతో మూడు నాలుగు రకాలు అమ్ముతారు. పొట్ట మీద తల వైపు నుంచి తోక వైపుకు నల్లటి చారలు నాలుగైదు సాగి ఉంటే అది స్కిప్‌జాక్. చారలు వీపు మీద అలల్లా వంకర తిరిగి, రొమ్ము రెక్క కింద కొన్ని నల్లటి చుక్కలు ఉంటే అది కవకవ అనే చిన్న రకం. వెన్ను మీది రెండో రెక్క, తోకకు ముందు వరుసగా ఉండే చిట్టి రెక్కలు పసుపు పచ్చగా ఉంటే అది ఎల్లోఫిన్. మొదటి రెండింటి కండ ముదురు రంగులో ఉంటుంది, రక్తం ఎక్కువ, రుచి ఘాటు. అవి పులుసుకూ పొరటుకూ బాగుంటాయి. ఎల్లోఫిన్ కండ కొంచెం లేతగా, శుభ్రమైన రుచితో ఉంటుంది కాబట్టి వేపుడుకూ పెనం మీద కాల్చడానికీ దానినే ఎంచుకోండి.

నిండు చేప అయితే కళ్లు ఉబ్బుగా, మొప్పలు ఎర్రగా, పొట్ట గట్టిగా ఉండాలన్న సంగతి మీకు తెలిసినదే. ముక్కలుగా కోసి పెట్టినదైతే వాసన చూడకుండా కొనవద్దు. సముద్రపు గాలి వాసన తప్ప పులిసిన వాసన గానీ మందు వాసన గానీ రాకూడదు. ముక్క మంచు మీద కాదు, మంచులో ఉండాలి. పైన తడిసిన గోనెపట్టా, కింద నాలుగు మంచు గడ్డలు ఉన్న బల్ల దగ్గర ఎంత ధర తగ్గించినా ఆగవద్దు. ఇంటి నుంచే మూత ఉన్న డబ్బాలో కొంత మంచు వేసుకుని వెళ్లడం మంచిది. రామ్‌నగర్ నుంచి నల్లకుంట దగ్గరే అయినా, దారిలో కూరగాయలకూ పాలకూ ఆగితే ఎండాకాలంలో ఆ కాస్త ఆలస్యమే చాలు.

ఇంకొక మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. నగరమంతా చేపల కోసం బారులు తీరే ఆ రోజున మన బల్లల మీద కనిపించే తూర నిల్వ చేసినది అయ్యే అవకాశమే ఎక్కువ. ఆ రోజుకు కొరమీనే మర్యాద.

కోయించేటప్పుడు చర్మం ఒలిపించండి. అది తోలులా గట్టిగా ఉంటుంది, ఉడకదు. తరువాత నడిముల్లుకు అటూ ఇటూ నాలుగు దిమ్మలుగా తీయించండి. ప్రతి దిమ్మలోనూ పక్కగా దాదాపు నల్లగా కనిపించే కండ ఒక పట్టీలా ఉంటుంది. మీరు విన్న నీచు వాసనలో చాలా భాగం దానిదే. దానిని వేరుచేయించి తెచ్చుకోండి, పారవేయవద్దు. వెల్లుల్లి, మిరియాలు దండిగా వేసి ఆ నల్ల కండను విడిగా వేపితే అన్నంలో నంజుకోవడానికి బాగుంటుంది. మిగిలిన కండను రెండంగుళాల దిమ్మలుగా కోసుకోవాలి. బొచ్చెను కోసినట్లు పలచటి బిళ్లలుగా కోస్తే ఎండిపోవడం అక్కడే మొదలవుతుంది. ఒక లీటరు చల్లటి నీటిలో సుమారు 50 గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు కలిపి, ముక్కలను పావుగంట నానబెట్టి, తీసి తడి ఒత్తేయండి. రక్తం దిగిపోతుంది, ఉప్పు ముక్క లోపలికి వెళ్తుంది. తూర కండ బిగుతుగా ఉంటుంది కాబట్టి పులుసులో వేశాక ఉప్పు పట్టించుకోవడం కష్టం.

ఇక పులుసు. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు, మూడు పెద్ద ఉల్లిపాయల ముద్ద, ఆరు పచ్చిమిర్చి, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, వేయించి దంచిన మెంతులు చిటికెడు. ఉల్లి ముద్దను నూనెలో బాగా వేగనిచ్చి, కారం, ధనియాల పొడి వేసి, చింతపండు పులుసు పోసి, ముక్కలు లేకుండానే పులుసును చిక్కబడి నూనె తేలే వరకు మరిగించాలి. పులుసు పూర్తిగా తయారయ్యాకనే ముక్కలు వేయాలి. వేశాక మంట తగ్గించి నాలుగైదు నిమిషాలు ఉంచి, మెంతిపొడి, కొత్తిమీర చల్లి, మూత పెట్టి దించేయండి. మిగతా ఉడుకు ఆ వేడికే పూర్తవుతుంది. పావుగంట తరువాత ముక్కను విరిచి చూస్తే లోపల లేత గోధుమ రంగులో, తడిగా, పొరలు పొరలుగా విడిపోవాలి. బొచ్చె పులుసులో ముక్కతో పాటు పులుసు మరగాలి, తూర పులుసులో పులుసు మరిగాకే ముక్క రావాలి. తేడా అంతా అదే. గరిట పెట్టినా తూర ముక్క చితకదన్నది ఒక్కటే ఇందులో మనకు కలిసివచ్చే సంగతి.

చింతచెట్టు:

పై సమాధానంలోని కొలతలతో నాకు తగాదా లేదు గానీ, తూరను పులుసుకు వాడడమే అనవసరమని నా అభిప్రాయం. పులుసు రుచి చేపలోని కొవ్వు వల్ల వస్తుంది. కవళ్ల పులుసు, కానాగంతల పులుసు ఎందుకు అంత బాగుంటాయో ఆలోచించండి. కొవ్వు లేని చేపను పులుసులో వేస్తే పులుసు పులుసుగానూ, ముక్క ముక్కగానూ ఉండిపోతాయి, ఒకదాని రుచి మరొకదానికి అందదు.

ఎండిపోవడం ఈ చేప స్వభావమైనప్పుడు, ఎండితేనే బాగుండే వంట చేసుకోవడం తెలివైన పని. కోస్తాలో సొర చేపతో పొరటు చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. అదే తూరతో చేయండి. పసుపు, ఉప్పు వేసిన కొద్ది నీటిలో దిమ్మలను పది నిమిషాలు ఉడికించి, చల్లారాక చేత్తో పొడిపొడిగా చిదిమి, నీరు పిండేయాలి. మూకుడులో నూనె కొంచెం ధారాళంగానే పోసి, ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన అల్లం వెల్లుల్లి వేగాక, ఈ చేప పొడి వేసి, కారం, కాస్త గరం మసాలా కలిపి, సన్నని మంట మీద అడుగంటకుండా కలుపుతూ తడి ఆరే వరకు వేయించాలి. దించే ముందు పచ్చి కొబ్బరి తురుము రెండు చెంచాలు వేస్తే పొడిదనం గొంతుకు పట్టుకోదు. పప్పుచారు అన్నంలో నంజుకోవడానికి దీనిని మించినది లేదు. మీ అత్తగారికి కూడా అభ్యంతరం ఉండదు. ఎర్రగా కనిపించేది ఏదీ మిగలదు కదా.

ప్రయోగశాల:

ఆహార పదార్థాల పరీక్షలకు సంబంధించిన పనిలో ఉన్నాను కాబట్టి, వంట సంగతి పైవారికి వదిలి, ప్రశ్నలో ఆరోగ్యానికి సంబంధించిన భాగానికి మాత్రమే సమాధానం ఇస్తాను.

తూర ఎందుకు ఎండిపోతుందో ముందు ఒక మాట. 100 గ్రాముల పచ్చి ఎల్లోఫిన్ కండలో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటే, కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. వేడి తగిలినకొద్దీ ప్రొటీన్ బిగుసుకుని తనలోని నీటిని బయటికి నెట్టేస్తుంది. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ బిగింపు మొదలై, 65 దాటాక మరీ ఎక్కువవుతుంది. కొవ్వు ఉన్న చేపలో ఆ నీరు పోయినా నోటికి మెత్తగానే తోస్తుంది. ఇందులో ఆ ఆసరా లేదు. చేప పూర్తిగా ఉడికిందనడానికి ముక్క నడిమధ్యలో 63 డిగ్రీలు చాలు. అందువల్ల ముక్కలను చివరలో వేసి, దించాక మూతపెట్టి వదిలేయాలన్న భీమిలివారి పద్ధతి సరైనదే.

ఇక అసలు జాగ్రత్త. తూర కండలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువగా ఉంటుంది. చేప చనిపోయాక మొప్పల్లోనూ పేగుల్లోనూ ఉండే కొన్ని బ్యాక్టీరియాలు కండలోకి చేరి, చల్లదనం తగ్గినప్పుడు ఆ హిస్టిడిన్‌ను, ఎలర్జీ వంటి బాధలు కలిగించే హిస్టమిన్‌గా మారుస్తాయి. పైగా తూర చల్లటి రక్తపు చేప కాదు. నిరంతరం ఈదుతూ చుట్టూ ఉన్న నీటికంటే తన ఒంటిని వెచ్చగా ఉంచుకుంటుంది, గాలానికి చిక్కి పెనుగులాడినప్పుడు ఆ వేడి మరింత పెరుగుతుంది. అందుకే పట్టిన వెంటనే పడవలోనే రక్తం వదిలించి, పేగులు తీసి, మంచులో పూడ్చడం ఈ చేపకు చాలా అవసరం. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు, డబ్బాలో సీలు చేసి వేడిచేసినా పోదు. రంగులో, వాసనలో తేడా కనిపించకుండానే అది ఉండవచ్చు. తిన్న కొన్ని నిమిషాల నుంచి గంట, రెండు గంటల లోపల ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ, నోట్లో మిరియాలు కొరికినట్లు మంట మొదలైతే అది ఇదేనని అనుమానించాలి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది, అయినా ఊపిరి ఆడకపోవడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిలో చేపలో హిస్టమిన్ 200 మిల్లీగ్రాములకు మించరాదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఇంట్లో దానిని కొలిచే మార్గం లేదు, మంచు తెగకుండా చూసుకోవడమే మార్గం. కొరికినప్పుడు నాలుక చురుక్కుమంటే మసాలా ఘాటు అనుకోకుండా ఆ గిన్నెను పక్కన పెట్టేయండి.

ఇక్కడ మన దేశానికి సంబంధించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. క్షయకు ఐసోనియాజిడ్ మందు వాడేవారిలో హిస్టమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పని మందగిస్తుంది. ఇతరులకు ఏమీ చేయని ముక్క వారికి తీవ్రమైన ఇబ్బంది కలిగించవచ్చు. మందు వాడినంత కాలం తూర వారికి పెట్టకూడదు.

మీ అబ్బాయి అడిగిన పచ్చి ఎరుపు ముక్క గురించి. జపాన్ వంటి దేశాల్లో పచ్చిగా తినే తూరను పట్టిన దగ్గర నుంచీ మైనస్ 60 డిగ్రీల చలిలో ఉంచుతారు, ఆ చలిలోనే ఎరుపు కూడా నిలుస్తుంది. మన ఇళ్లలోని ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఆగిపోతుంది. రాత్రంతా లారీలో ప్రయాణం చేసి, తెల్లవారి బల్ల మీద పరిచిన చేపకు ఆ మర్యాద దక్కలేదు కాబట్టి, దానిని లోపల పచ్చిగా వదలడం నేను ఒప్పుకోను. రంగు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. తూర ఎరుపు కండలోని మయోగ్లోబిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, గాలి తగిలితే అది క్రమంగా గోధుమ రంగుకు మారుతుంది, అది సహజం. కొందరు వ్యాపారులు కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఆ ఎరుపును స్థిరపరుస్తారు. ఐరోపా సమాఖ్యలోనూ జపాన్‌లోనూ ఈ పని నిషిద్ధం. పుచ్చకాయ గుజ్జులా ఏకరీతిగా మెరిసే ఎరుపు రోజుల తరబడి చెక్కుచెదరకుండా ఉంటే సంతోషించవలసిన పని లేదు.

గర్భిణి విషయం. తూర వేటాడి బతికే పెద్ద చేప కాబట్టి కడుపులోని బిడ్డ మెదడుకు హాని చేసే మిథైల్ పాదరసం దాని కండలో పోగవుతుంది, వండినా అది తగ్గదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల సగటు ప్రకారం కిలో ఎల్లోఫిన్‌లో సుమారు 0.35 మిల్లీగ్రాములు, స్కిప్‌జాక్‌లో సుమారు 0.14 మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. అదే సంస్థ గర్భిణులకు ఎల్లోఫిన్‌ను వారానికి ఒక్కసారి, సుమారు 113 గ్రాముల వరకు, ఆ వారంలో మరే చేపా తినకుండా ఉంటేనే అనుమతిస్తుంది. బిగ్‌ఐ అనే పెద్ద కళ్ల తూరను పూర్తిగా మానుకోమంటుంది. బల్ల మీద కోసి పెట్టిన ముక్క ఏ రకమో నిర్ధారించుకోవడం కష్టం కాబట్టి, అమ్మాయి వచ్చినప్పుడు బొచ్చె, రోహు వండి పెట్టండి. చేప పూర్తిగా మానవలసిన అవసరం మాత్రం లేదు, అది బిడ్డకు మేలే చేస్తుంది.

టోలీచౌకి దస్తర్‌ఖాన్:

ప్రయోగశాలవారు పచ్చి ముక్కను వద్దన్నారు, మంచిదే. అయితే అబ్బాయి ముచ్చట పూర్తిగా తీసిపారేయనవసరం లేదు. ఎల్లోఫిన్‌ను అంగుళం మందంగా కోయించి, తడి లేకుండా తుడిచి, ఉప్పు, దంచిన మిరియాలు, కొంచెం నూనె పట్టించి, పొగలు వచ్చేంత వేడెక్కిన ఇనుప పెనం మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చి దించితే, లోపల ఎరుపు పోయి లేత గులాబీ ఛాయ కూడా మిగలకుండానే తడిగా ఉంటుంది. పెనం మీద ఒకేసారి నాలుగు ముక్కలు వేస్తే వేడి పడిపోయి నీరు ఊరుతుంది, రెండేసి చొప్పున కాల్చండి. నిమ్మరసం దించాక పిండాలి. మన హైదరాబాద్ ఇళ్లలో మాంసానికి చేసినట్లు నిమ్మరసం, పెరుగు పట్టించి గంటల తరబడి నానబెట్టడం ఈ చేపకు పనికిరాదు. పులుపు తగిలిన కండ పెనం ఎక్కకముందే తెల్లబడి పొడిబారుతుంది.

చింతచెట్టువారి పొరటు చదివాక మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలనిపించింది. తూరతో షామీ కబాబ్ చాలా బాగుంటుంది. కిలో చేపకు పావుకిలో శనగపప్పు, అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, షాజీరా, రెండు యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి, ముందు పప్పునే పలుకు మీద ఉడికించి, నీరు దాదాపు ఇంకిపోయాక చేప దిమ్మలను పైన పరిచి మూతపెట్టి పది నిమిషాలు ఆవిరి పట్టనివ్వాలి. మాంసంతో చేసేటప్పుడు పప్పు, మాంసం కలిసి ఉడుకుతాయి, చేపతో అలా చేయకూడదు. తడి పూర్తిగా ఆర్చి, దాల్చినచెక్క తీసేసి, రోట్లో గానీ మిక్సీలో నీరు పోయకుండా గానీ మెత్తగా రుబ్బి, పుదీనా, కొత్తిమీర, సన్నటి ఉల్లిపాయ, ఒక గుడ్డు కలిపి బిళ్లలు చేసి, తక్కువ నూనెలో రెండు వైపులా వేయించుకోవాలి. పప్పు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి ఎండిపోయే సమస్యే రాదు, చేప అని చెప్పకపోతే కొందరు పోల్చుకోలేరు కూడా. మా ఇంట్లో దీనిని ఖట్టీ దాల్, అన్నంతో తింటాము.

కొచ్చి కోడలు:

మాది విజయవాడ, అత్తవారిది కొచ్చి, ఉండేది సికింద్రాబాద్. చింతచెట్టువారు తూర పులుసుకు పనికిరాదని అనడం కేరళవారు వింటే ఒప్పుకోరు. అక్కడ దీనిని చూర అంటారు, మట్టి చట్టిలో కుడంపులి అనే ఎండబెట్టిన పుల్లటి పండు వేసి ఎర్రగా పులుసు పెడతారు. చింతపండుకు బదులు కుడంపులి రెబ్బలు నాలుగు కడిగి, గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, ఆ నీటితో సహా వేయాలి. కొబ్బరి నూనె తప్పనిసరి, చేపలో లేని కొవ్వును ఆ నూనె కొంత పూరిస్తుంది. మలయాళీ సరుకుల దుకాణాల్లో కుడంపులి ఇక్కడా దొరుకుతుంది. శ్రీలంకలో కూడా దీనికి దగ్గరి పులుపునే మిరియాలతో ముద్దగా నూరి తూర ముక్కలకు పట్టించి, నీరంతా ఇంకే వరకు మట్టికుండలో ఉడికిస్తారు. లక్షద్వీప్‌లో అయితే ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాస్‌మిన్ అనే పేరుతో నిల్వ చేసుకుంటారు. సముద్రం మధ్య దీవులవారు ఎండిపోయే గుణాన్నే వరంగా వాడుకున్నారు. ముక్కలు చివరలో వేయాలన్న సూత్రం మాత్రం మా అత్తగారి చట్టిలోనూ అదే.

నల్లకుంట వంటిల్లు:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయికి రోహుయే వండుతాను, అబ్బాయికి పెనం మీద పూర్తిగా కాల్చి పెడతాను. మరో మూడు సందేహాలు మిగిలాయి. మార్కెట్‌కు వెళ్లలేని వారాల్లో గాలి తీసి ప్యాక్ చేసిన గడ్డకట్టిన ముక్కలు కొనవచ్చా, వాటిని ఎలా కరిగించాలి? చేపల పులుసు మర్నాటికి రుచి అని మా ఇంట్లో మిగుల్చుకుంటాము, తూర పులుసును అలా ఉంచవచ్చా? ప్రయోగశాలవారు చెప్పిన మందు పేరు చూసి ఉలిక్కిపడ్డాను. మా మామగారికి క్షయ చికిత్స నడుస్తోంది, ఆయన మందుల్లో అదీ ఉంది. ఇంట్లో అందరూ తూర తింటుంటే ఆయనకు ఏం పెట్టాలి?

ప్రయోగశాల:

గడ్డకట్టిన ముక్కలు నిరభ్యంతరంగా కొనండి. సముద్రం మీదనో రేవులోనో వెంటనే గడ్డకట్టించిన ముక్క, మంచు కరిగిన బల్ల మీది తాజా ముక్క కంటే ఎన్నో రెట్లు నయం. ప్యాకెట్ లోపల మంచు పలుకులు పేరుకుని ఉంటే మాత్రం అది దారిలో ఒకసారి కరిగి మళ్లీ గట్టిపడినదై ఉండవచ్చు, దానిని తీసుకోవద్దు. కరిగించడానికి ముందు ప్యాకెట్‌ను తప్పకుండా కత్తిరించి తెరవాలి. గాలి లేని ప్యాకెట్ లోపలే చేప కరిగితే బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషానికి కారణమైన బ్యాక్టీరియా పెరిగే వీలు ఉంటుంది. తెరిచి, గిన్నెలో పెట్టి, మూత వేసి, ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచండి. వంటగది గట్టు మీద గానీ ఎండలో గానీ పెట్టవద్దు. కరిగిన ముక్కను మళ్లీ ఫ్రీజర్‌లోకి పంపకుండా ఆ రోజే వండేయండి.

పులుసును మర్నాటికి ఉంచుకోవచ్చు, కానీ పొయ్యి గట్టు మీద కాదు. దించిన రెండు గంటల లోపల, వేసవిలో అయితే గంట లోపలే, ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు వేడిచేసేటప్పుడు ముక్కలను ఒక పళ్లెంలోకి తీసి, పులుసును ఒక్కదానినే బాగా మరిగించి, మంట ఆపాక ముక్కలను అందులో వేసి మూతపెట్టండి, ఎండిపోకుండా లోపలి దాకా వేడెక్కుతాయి.

మామగారి విషయం వారి వైద్యునితో ఒకసారి మాట్లాడండి. తూరతో పాటు వంజరం, కానాగంతల వంటి చేపల్లోనూ ఇదే హిస్టిడిన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మందులు పూర్తయ్యే వరకు ఆయనకు ప్రాణంతో తెచ్చిన కొరమీను మేలు. తూర ముక్కలు ఏరి తీసేసి ఆ పులుసు ఆయనకు వడ్డిస్తే సరిపోతుందని అనుకోవద్దు, హిస్టమిన్ నీటిలో కరుగుతుంది. భీమిలివారి పద్ధతిలో ముక్కలు వేయకముందే పులుసు సిద్ధమవుతుంది కాబట్టి, నూనె తేలగానే ఆయనకు కావలసినంత పులుసును వేరే గిన్నెలోకి తీసుకుని, కొరమీను ముక్కలను అందులో ఉడికించి, ఆ తరువాతనే మిగిలిన పులుసులో తూర వేయండి. రెండు గిన్నెలకూ రెండు గరిటెలు వాడండి.